మెదడు పరిశోధనకు సెంటర్లు చాలా ఉన్నాయి, స్కానర్ నడిపే మనిషి ఏడీ?

అమెరికాలో మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ, అంటే ఎంఐటీలో, 46వ నంబరు భవనం మధ్యలోంచి రైలు పట్టాలు పోతాయి. పట్టాలు తీసేసే వీలు లేక వాటి మీదుగానే భవనం లేపారు. సికింద్రాబాద్‌లో పుట్టిన ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా, అక్కడి మరో సంస్థతో కలిసి దీన్ని డిజైన్ చేశారు. 2005లో తెరిచారు. కింద గూడ్సు బండి, పైన న్యూరాన్ల సన్నని సంకేతాలు పట్టుకునే ప్రయోగాలు!

ఆ కప్పు కింద మూడు కాపురాలున్నాయి. ఒకటి పాఠాలు చెప్పి డిగ్రీలిచ్చే బ్రెయిన్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్, అంటే మెదడు, మనసుల శాస్త్రాల డిపార్ట్‌మెంట్. మిగతా రెండూ పరిశోధన కోసమే పుట్టినవి. ప్యాట్రిక్ మెక్‌గవర్న్, లోర్ హార్ప్ మెక్‌గవర్న్ దంపతులు 35 కోట్ల డాలర్లు ఇస్తామని మాటివ్వడంతో 2000లో మెక్‌గవర్న్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. నోబెల్ గ్రహీత సుసుము తొనెగావా 1994లో పెట్టిన లెర్నింగ్ అండ్ మెమరీ సెంటర్‌కు 2002లో పికోవర్ ఫౌండేషన్ నుంచి 5 కోట్ల డాలర్ల విరాళం వచ్చాక ఆ పేరు వచ్చింది. చాలామంది ప్రొఫెసర్లకు డిపార్ట్‌మెంట్‌లోనూ ఇన్‌స్టిట్యూట్‌లోనూ చోటుంటుంది.

డిపార్ట్‌మెంట్ ఉండగా ఇన్ని సెంటర్లెందుకు? మెదడు గురించిన మంచి ప్రశ్నలు ఏ ఒక్క డిపార్ట్‌మెంట్‌లోనూ ఇమడవు కాబట్టి. అందుకు నాకు బాగా నచ్చిన ఉదాహరణ 1688 నాటిది. విలియం మాలినో అనే ఐరిష్ పండితుడు తత్వవేత్త జాన్ లాక్‌కు ఒక చిక్కు ప్రశ్న పంపాడు. పుట్టుకతో చూపు లేని మనిషి చేత్తో తడిమి ఏది పాచికలాంటి ఘనమో, ఏది బంతిలాంటి గోళమో చెప్పగలడు. అతనికి హఠాత్తుగా చూపు వస్తే, తాకకుండా కళ్ళతోనే ఆ రెండిటినీ గుర్తుపడతాడా? తాకి తెలుసుకున్నదీ చూసి తెలుసుకున్నదీ మనసులో మొదటి నుంచే కలిసి ఉంటాయా, లేక అనుభవం వాటిని కలుపుతుందా అన్నది అసలు సంగతి. మూడు వందల ఏళ్ళకు పైగా తత్వవేత్తలు దీని మీద వాదించుకున్నారు.

నమ్మదగిన జవాబు 2011లో వచ్చింది. ఎంఐటీ ప్రొఫెసర్ పవన్ సిన్హా మొదలుపెట్టిన ప్రాజెక్ట్ ప్రకాశ్ మన దేశంలో పుట్టు అంధత్వం ఉన్న పిల్లలకు ఆపరేషన్ చేయించి చూపు తెప్పిస్తుంది. అలా చూపు వచ్చిన ఐదుగురిని, 8 నుంచి 17 ఏళ్ళ వాళ్ళను, వెంటనే పరీక్షించారు. తడిమిన వస్తువును కళ్ళతో పోల్చుకోలేకపోయారు. కానీ కొద్ది రోజుల్లోనే ఆ పని వాళ్ళకు పట్టుబడింది. కలయిక పుట్టుకతో రాదు, అయితే వస్తే చాలా వేగంగా వస్తుంది. ఈ ఒక్క జవాబు కోసం తత్వశాస్త్రం ప్రశ్న ఇవ్వాలి, కంటి డాక్టర్ ఆపరేషన్ చేయాలి, మనస్తత్వ శాస్త్రం తెలిసినవాళ్ళు పరీక్ష తయారు చేయాలి. పైగా ఊరూరా తిరిగి అలాంటి పిల్లలను వెతికేవాళ్ళు కావాలి. ఇది ఏ డిపార్ట్‌మెంట్ పని?

తొనెగావా బృందం 2013లో ఎలుకలో లేని జ్ఞాపకాన్ని పుట్టించింది. ఒక గదిలో షాక్ తిన్న ఎలుక, ఏమీ జరగని వేరే గదిని చూసి భయపడింది. నాచులో దొరికే, వెలుతురుకు స్పందించే ప్రోటీన్‌ను మెదడు కణాల్లో పెట్టి లేజర్‌తో వాటిని మేల్కొలిపే పద్ధతి లేకపోతే అది జరిగేది కాదు. నాచును చదివే జీవశాస్త్రవేత్తలు ఆ మాటెప్పుడైనా ఊహించారో లేదో!

ఇంతవరకూ సెంటర్లకు అనుకూలంగా ఎవరైనా చెప్పేదే. నా వాదన తరువాతి మెట్టు గురించి. సెంటర్ అనగానే యూనివర్సిటీలకు ముందు గుర్తొచ్చేది భవనం, దాత పేరు, ప్రారంభోత్సవం. అద్దాల గోడలు, కాఫీ మూలలు పెడితే రకరకాల వాళ్ళు తారసపడి కొత్త ఆలోచనలు పుడతాయంటారు. అందులో కొంత నిజముంది. కూర్చునే చోట్ల మధ్య దూరం పెరిగేకొద్దీ మనుషుల మధ్య మాటలు ఎంత త్వరగా తగ్గిపోతాయో ఎంఐటీలోనే థామస్ అలెన్ 1970లలో లెక్కగట్టి చూపించాడు. కానీ తారసపడటం వేరు, కలిసి పనిచేయడం వేరు. ఒకే అపార్ట్‌మెంట్‌లో పదేళ్ళున్నా పక్క ఫ్లాట్ వాళ్ళ పేరు తెలియనివాళ్ళం మనం.

నిజంగా కలిపేవి సొంతంగా కొనుక్కోలేని వస్తువులు. ఎమ్మారై స్కానర్‌నే తీసుకోండి. పరిశోధనకు ఎక్కువగా వాడేది 3 టెస్లాల (అయస్కాంత బలానికి కొలత) యంత్రం. దాని అయస్కాంతాన్ని ద్రవ హీలియంతో చల్లబరుస్తూ ఉండాలి, ప్రయోగం ఉన్నా లేకపోయినా. ఒక్క ల్యాబ్ దాన్ని మోయలేదు. కాబట్టి భాష మీద పనిచేసేవాళ్ళూ, ముఖాలు గుర్తుపట్టడం మీద పనిచేసేవాళ్ళూ, పిల్లల నేర్చుకోవడం మీద పనిచేసేవాళ్ళూ గంటల లెక్కన బుక్ చేసుకుని ఒకే గది ముందు చేరతారు. అక్కడ పనిచేసే ఫిజిసిస్ట్‌కు అందరి ప్రయోగాలూ తెలుస్తాయి. తల కదలికవల్ల వచ్చిన తప్పును భాషవాళ్ళు ఎలా సరిచేశారో పిల్లలవాళ్ళకు చెప్పేది అతనే.

ఈ కలయిక అవసరం ఈమధ్య ఇంకా పెరిగింది. మనుషుల మధ్య మెదడు తేడాలకూ ప్రవర్తన తేడాలకూ లంకె వెతికే అధ్యయనాల్లో మామూలుగా పాతిక మంది దాకానే ఉంటున్నారనీ, నమ్మదగిన ఫలితం రావాలంటే వేలమంది కావాలనీ 2022లో నేచర్ పత్రికలో వచ్చిన ఒక విశ్లేషణ తేల్చింది. అన్ని ప్రశ్నలకూ ఇది వర్తించదు. వర్తించే చోట మాత్రం ఎవరి కుంపటి వారు పెట్టుకుంటే పని జరగదు. ఒకే పద్ధతిలో స్కాన్ తీసి, ఒకే చోట దాచి, పదేళ్ళ తర్వాత కూడా తెరిచి చదవగలిగేలా ఉంచేవాళ్ళు కావాలి. దీనికి ప్రారంభోత్సవాలు ఉండవు.

మరి ఈ పని చేసేవాళ్ళ ఉద్యోగం సంగతి? చాలాచోట్ల స్కానర్ ఫిజిసిస్ట్, డేటా ఇంజనీర్ గ్రాంటు మీద బతుకుతారు. గ్రాంటు అయిపోతే వెళ్ళిపోతారు, వాళ్ళతో పాటే తెలిసినదంతా పోతుంది. కుర్ర ప్రొఫెసర్ పరిస్థితీ సుఖంగా లేదు. నియామకం సెంటర్ పేరు మీద జరిగినా ప్రమోషన్ డిపార్ట్‌మెంట్ చేతిలో ఉంటుంది. పదిహేను మంది పేర్లున్న వ్యాసంలో నీ వాటా ఎంత అని అక్కడ అడుగుతారు. కంప్యూటర్ సైన్స్‌కూ సైకాలజీకీ మధ్య థీసిస్ రాసిన విద్యార్థి ఉద్యోగాల వేటలో రెంటికీ చెడ్డ రేవడి అవుతాడు. కలిసి పనిచేయమని చెప్పి, విడివిడిగా మార్కులేస్తే ఎవరు కలుస్తారు?

ఇది కొత్త సమస్యేమీ కాదు. 1960లో మనస్తత్వ శాస్త్రవేత్తలు జెరోమ్ బ్రూనర్, జార్జ్ మిల్లర్ హార్వర్డ్‌లో కాగ్నిటివ్ స్టడీస్ సెంటర్ పెట్టారు. మనసు ఎలా పనిచేస్తుందో చదివే కాగ్నిటివ్ సైన్స్‌కు అదొక పుట్టిల్లు. ఆ ఇద్దరూ హార్వర్డ్ వదిలి వెళ్ళాక అది నిలవలేదు. పరిశోధనకు నిధులిచ్చే స్లోన్ ఫౌండేషన్ కోసం 1978లో ఈ రంగం మీద రాసిన నివేదికలో తత్వశాస్త్రం, భాషాశాస్త్రం, మానవశాస్త్రం, న్యూరోసైన్స్, కంప్యూటర్ సైన్స్, సైకాలజీ ఆరు కోణాలుగా ఒక షడ్భుజి గీశారు. 2019లో రఫాయెల్ నున్యెస్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు ఈ రంగం పత్రికలూ పాఠ్యక్రమాలూ తిరగేసి చూస్తే ఆ షడ్భుజి కనబడలేదు. సైకాలజీ మిగతావాటిని పక్కకు నెట్టేసింది. మానవశాస్త్రం దాదాపు మాయమైంది. వాళ్ళ తీర్పు కాస్త కటువుగా ఉందని నాకనిపించింది గానీ, లెక్కలు కాదనలేం.

డబ్బు పెరిగితే సరిపోతుందనుకుంటే యూరప్ వైపు చూడాలి. 2013లో భారీ నిధులతో మొదలైన హ్యూమన్ బ్రెయిన్ ప్రాజెక్ట్, మనసు చేసే పనులను మెదడులో వెతికే కాగ్నిటివ్ న్యూరోసైన్స్ విభాగాన్ని పక్కన పెట్టబోతే, 2014లో వందలమంది శాస్త్రవేత్తలు బహిరంగ లేఖ రాశారు. మెదడు ప్రాజెక్టులో మనసుకే చోటు లేకపోవడం!

దాతల డబ్బుకూ, ప్రభుత్వ డబ్బుకూ వేటి గండాలు వాటికున్నాయి. 2008లో అమెరికాలో బెర్నార్డ్ మేడాఫ్ పెట్టుబడుల మోసం బయటపడ్డాక, అతని దగ్గర డబ్బు పెట్టిన పికోవర్ ఫౌండేషన్ మూసేస్తున్నట్టు ప్రకటించింది. అప్పటికే భవనం లేచి ఉంది, ఇన్‌స్టిట్యూట్ నిలబడింది. ఎంఐటీ కేంద్రంగా 2013లో మొదలైన బ్రెయిన్స్, మైండ్స్ అండ్ మెషీన్స్ సెంటర్‌కు అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బిచ్చింది. అది డబ్బిచ్చిన ఆ సెంటర్ల పథకంలో ఏ సెంటర్‌కైనా గడువు పదేళ్ళే. కొత్త ఆలోచన మొలకెత్తడానికి పదేళ్ళు బాగానే సరిపోతాయి. యంత్రాలకూ డేటాకూ అది చాలదు.

అందుకే, కొత్తగా సెంటర్ పెడతామనే యూనివర్సిటీని నేనైతే మొదట రెండే అడుగుతాను. స్కానర్ నడిపే ఫిజిసిస్ట్‌ను, డేటా చూసే ఇంజనీర్‌ను గ్రాంటుతో సంబంధం లేకుండా పర్మనెంట్ జీతం మీద తీసుకుంటారా? సెంటర్ పని చేసిన కుర్రవాళ్ళ ప్రమోషన్ కమిటీలో సెంటర్ మనిషికి ఓటుంటుందా? రెండిటికీ లేదంటే, ఆ డబ్బు ఉన్న డిపార్ట్‌మెంట్లకే ఇచ్చి, స్కానర్ గంటల రేటు తగ్గించడం మేలు.