తెప్పలు లెక్కపెడితే సరిపోతుందా?

జూన్ 14 అర్ధరాత్రితో సముద్రంలో చేపల వేట నిషేధం ముగుస్తుంది. మర్నాటి నుంచే ఇటు శ్రీకాకుళం తీరాన భావనపాడు, కళింగపట్నంలోనూ, అటు విజయనగరం వైపు చింతపల్లి, ముక్కాంలోనూ ఫైబర్ తెప్పలు మళ్లీ వేటకు దిగుతాయి, అదీ నైరుతి గాలికి కెరటాలు ఒడ్డును బాదే రోజుల్లో. 61 రోజుల నిషేధంలో ఇసుక మీదే ఉంటాయి కదా, ఇన్నాళ్లలో ఒక్క తెప్పనైనా నీళ్లలో నిలబెట్టి అటూ ఇటూ ఊపి చూసిన మత్స్యశాఖ అధికారి ఉన్నారా?

వేట లేని రోజుల భృతి జాబితా కోసం మాత్రం వస్తారు. నంబరు చూస్తారు, కళాసీల పేర్లు రాసుకుంటారు. 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి మన బుడగట్లపాలెం వచ్చి మరీ మత్స్యకార కుటుంబానికి 20,000 రూపాయల సాయం మొదలుపెట్టారు. ఆ డబ్బు ఇవ్వాల్సిందే, అందులో రెండో మాట లేదు. కానీ డబ్బు కోసం ప్రతి తెప్ప దగ్గరికీ నడిచి వెళ్లే శాఖకు, అదే తెప్ప ప్రాణం నిలబెడుతుందో తీస్తుందో చూడటానికి ఇంకో పావుగంట దొరకదా?

చూడాల్సింది పెద్ద చదువేమీ కాదు. అసలు గండం ఒడ్డుకు తిరిగొచ్చేటప్పుడే. వెనక నుంచి తరుముకొచ్చే కెరటం తెప్ప వెనుక భాగాన్ని ఎత్తేస్తుంది, ముందు కొస నీళ్లలో గుచ్చుకుంటుంది, ఇంజిన్ ఫ్యాను గాల్లో తిరుగుతుంది, తిప్పేవాడి చేతిలో పట్టు ఉండదు, తెప్ప కెరటానికి అడ్డం తిరిగి బోల్తా కొడుతుంది. వెనుక పలక మీద ఉండాల్సిన దానికన్నా బరువైన ఇంజిన్ బిగిస్తే ఆ భాగం ముందే కిందికి కుంగి ఉంటుంది. పైగా తడిసిన వల, ఐస్ పెట్టె, ఆయిల్ క్యాన్లు. అంచుకీ నీటికీ మధ్య జానెడు కూడా మిగలదు. దుంగలు కట్టిన పాత తెప్పలో నీళ్లెక్కితే సందుల్లోంచి దిగిపోయేవి. లోతైన గుల్లలా పోత పోసిన ఫైబర్ పడవలో అవి లోపలే ఉండిపోతాయి, పళ్లెంలో నీళ్లలా ఒక పక్కకు ఒరిగాయంటే పడవనీ ఆ పక్కకే లాగేస్తాయి. అందుకే మూసిన అరల్లో ఫోమ్ నింపాలి. నింపారో లేదో ఎవరు తట్టి చూశారు? పక్కకు ఊపి వదిలితే చురుగ్గా నిలబడే పడవ మంచిది, బద్ధకంగా లేచేది ప్రమాదం. ఎంతసేపట్లో లేస్తుందో చేతిగడియారంతో చూస్తే ఈ సంగతి తేలిపోతుంది.

చెయ్యలేని పనీ కాదిది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి బంగాళాఖాతం కార్యక్రమం, ఒడ్డుకు నేరుగా చేరే పడవల్ని తయారు చేయించి ఈ తూర్పు తీరపు కెరటాల్లోనే పరీక్షించింది. పైబరువు పెంచితే ఏమవుతుందో 2014లో కొరియాలో సెవోల్ ఓడ చూపించింది. పైన గదులు కట్టారు, సరుకు పరిమితికి మించి ఎక్కించారు, ఓడ నిలకడ కోసం అడుగున ఉండాల్సిన బ్యాలస్ట్ నీళ్లు తగ్గించారు, 304 మంది పోయారు, ఎక్కువ మంది స్కూలు పిల్లలు. 2025 మేలో కొచ్చి దగ్గర 184 మీటర్ల సరుకు ఓడ ఎంఎస్‌సీ ఎల్సా 3 పక్కకు ఒరిగి మర్నాటికి మునిగింది. కాగితాలన్నీ ఉండే ఓడలకే ఈ గతి పడితే, నిలకడ పరీక్షించిన కాగితమే లేని మన తెప్పల మాటేమిటి?

మత్స్యకారులే పెద్ద ఇంజిన్లు బిగించుకుంటున్నారు, హెచ్చరికలు వినరు అని అధికారులంటారు. కొంత నిజమే. దూరం పోతే తప్ప చేప దొరకనప్పుడు ఎవరైనా పెద్ద ఇంజిన్ వైపే చూస్తారు. మరి ఆ మార్పు చూసి ఆపాల్సింది ఎవరు? తెప్ప తిరగబడిన ప్రతిసారీ లైఫ్ జాకెట్ వేసుకోలేదన్న ఒక్క మాట దగ్గరే విచారణ ఆగిపోతుంది, తప్పంతా పోయినవాడి మీదే పడుతుంది. పడవ పోసిన యార్డును అడగరు. రిజిస్ట్రేషన్ ఇచ్చిన కార్యాలయాన్ని అసలే అడగరు. బతికున్నప్పుడు సాయానికి అర్హుడు, పోయాక నిర్లక్ష్యపరుడు, ఇదేం నీతి?

హార్బర్లు వస్తే అన్నీ సర్దుకుంటాయని ఇంకో మాట. బుడగట్లపాలెం హార్బర్‌కు 2023లో శంకుస్థాపన చేశారు. హార్బర్ రావాలి, కానీ నిలకడ లేని పడవ హార్బర్ నుంచి బయల్దేరినా నడిసముద్రంలో తిరగబడేదే.

నిషేధం ముగిసేలోగా ఇంకా రోజులున్నాయి. మత్స్యశాఖ సిబ్బంది తీరానికి రావాలి, ఒక్కో తెప్పనూ నీళ్లలో దించి ఊపి చూడాలి, ఇంజిన్ పరిమితి, మనుషుల పరిమితి అంచు మీద పెయింటుతో రాయించాలి. పరీక్షించిన అధికారి పేరు, సంతకం రిజిస్ట్రేషన్ కాగితం మీద ఉండాలి. రేపు అదే తెప్ప తిరగబడితే మొదటి సంజాయిషీ ఆ సంతకం పెట్టినవారి దగ్గరే తీసుకోవాలి, శవం ఒంటి మీద జాకెట్ వెతకడం తర్వాత.