పుట్టపాక, తెంగనాన్: పది రోజుల్లో కుదిరే పొత్తు కాదు

పోచంపల్లి చీరను లోకం ‘ఇకత్’ అంటోంది. ఆ మాట మనది కాదు, ఇండోనేషియా వాళ్లది. కట్టడం అని దాని అర్థం. మన నేతన్నలు చిటికి కట్టడం అనేదీ ఆ పనినే. పడుగును (నిలువు పోగులను), పేకను (అడ్డ పోగులను) విడివిడిగా కట్టి, రంగులు అద్ది, నేసేటప్పుడు రెండింటి గుర్తులూ ఒకదానిపై ఒకటి కూర్చునేలా చేసే విద్య ప్రధానంగా మూడు దేశాల్లోనే నిలిచింది: భారత్, ఇండోనేషియా, జపాన్. ఇండోనేషియాలో దానికి పేరుమోసిన ఊరు బాలి ద్వీపంలోని తెంగనాన్. అక్కడి వస్త్రం పేరు గెరింగ్‌సింగ్. ఇక్కడ ఉమ్మడి నల్లగొండలోని పుట్టపాక. నూనె పెట్టిన నూలుతో నేసే ఈ ఊరి తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ విద్యలోనే గజం గోవర్ధన 2011లో, గజం అంజయ్య 2013లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ రెండు ఊళ్ల నేతవాళ్లు ఒకరి పని ఒకరు చూసి నేర్చుకునేలా రాకపోకల ఒప్పందం కుదరాలన్నది మా మాట.

రెండు దేశాల సాంస్కృతిక బంధం అనగానే మన అధికారులకు తోచేది ఒకటే: పది మంది బృందం, పది రోజుల యాత్ర, ఒక వేదిక, శాలువాలు, ఫొటోలు. నేత విషయంలో ఈ పద్ధతి ఎందుకు పనికిరాదో తెలియాలంటే తేలియా నూలు ఎలా తయారవుతుందో చూడాలి.

ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిదను నీళ్లలో కలిపి, తేరిన క్షారపు నీటిలో నూనె పోసి చిలికితే పాలలాంటి ద్రవం వస్తుంది. నూలు చిలపలను (చుట్టలను) అందులో పిసికి ఎండబెట్టాలి. మర్నాడు మళ్లీ పిసకాలి. ఇలా రెండు వారాలు దాటుతుంది. లోపలికి ఇంకిన నూనె తర్వాత పటికను పట్టి ఉంచుతుంది. ఆ పటికకు అలిజరిన్ అనే రంగుమందు అంటితే ఎరుపు, ఇనుముకు అంటితే నలుపు. బూడిద తక్కువైతే నూనె విడిపోయి జిడ్డుగా తేలుతుంది, ఎరుపు మచ్చలు మచ్చలుగా దిగుతుంది. ఎక్కువైతే నూనె సబ్బుగా మారి ఉతుకులో పోతుంది, పిసికేవాళ్ల చేతులు పగులుతాయి.

సముద్రానికి ఆవలనున్న తెంగనాన్‌లోనూ నూలుకు మొదట పెట్టేది నూనె, బూడిదే. అక్కడి నూనె కెమిరి అనే గింజది, నానబెట్టే కాలం నెల దాటుతుంది. ఎరుపు మన తొగరు చెట్టు జాతి వేళ్ల నుంచి వస్తుంది. నీలిమందు పనిని ఆనవాయితీగా ఆ ఊళ్లో చేయరు, పొరుగున ఉన్న బుగ్‌బుగ్‌లో అద్దించుకుంటారు. అంటే ఒప్పందం తెంగనాన్‌తో మాత్రమే చేసుకుంటే సగం పని తెలియకుండానే తిరిగి వస్తాం. పది రోజులకు వెళ్లినవాళ్లు నూనె పెట్టడం పూర్తవడం కూడా చూడరు. ఒక విడతకు కనీసం ఆరు వారాలు కావాలి, ఇరువైపులా రెండేసి విడతలు కావాలి.

కాలం ఎంచుకోవడంలోనూ పొరపాటు జరుగుతుంది. బాలిలో వానలు సుమారుగా నవంబరు నుంచి మార్చి దాకా. మనకు జూన్ నుంచి సెప్టెంబరు. వానల్లో చిలపలు ఎండవు, గుంట మగ్గంలో చెమ్మ ఊరుతుంది. మన వాళ్లు ఏప్రిల్, మే నెలల్లో అక్కడికి వెళ్లాలి. ఆ నెలల్లో ఇక్కడి ఎండకు పడుగు పోగులు ఎలాగూ పటపటా తెగుతుంటాయి. వాళ్లు డిసెంబరు, జనవరిలో ఇక్కడికి రావాలి. బయలుదేరే ముందు రెండు చోట్ల నీళ్లనూ పరీక్ష చేయించాలి. నీళ్లలో కొంచెం సున్నం ఉంటే అలిజరిన్ ఎరుపు నిండుగా వస్తుంది, ఇనుముంటే మసకబారుతుంది. అదే పాళ్లు, అదే చెయ్యి అయినా ఊరు మారితే రంగు మారుతుంది. దాన్ని పనివాళ్ల తప్పుగా లెక్కగట్టకూడదు.

ఎవరు వెళ్లాలి అన్నది మాకు అన్నిటికన్నా ముఖ్యం. తెంగనాన్‌లో కట్టేదీ నేసేదీ ఆడవాళ్లే. మన దగ్గర మగ్గం మీద మగవాడు కనిపిస్తాడు గానీ, ఆసు పోసేది (పోగును మేకుల చుట్టూ చేత్తో తిప్పేది), చిటికి కట్టేది ఎక్కువగా ఇంటి ఆడవాళ్లు. ఆ చాకిరీ చూసే చింతకింది మల్లేశం లక్ష్మి ఆసు యంత్రం తయారుచేసి 2017లో పద్మశ్రీ అందుకున్నారు. బృందాల జాబితాలోకి వచ్చేసరికి మాత్రం సహకార సంఘం పెద్దల పేర్లే ఉంటాయి. బృందంలో సగం మంది ఆసు పోసే, చిటికి కట్టే ఆడవాళ్లు ఉండాలని ఒప్పందంలోనే రాయాలి. వాళ్లు ఊళ్లో లేనన్నాళ్లు మగ్గం ఆగుతుంది కాబట్టి విమాన చార్జీలతో పాటు ఆగిన మగ్గానికి కూలీ కూడా ఖర్చులో చేర్చాలి. దుబాసీగా తెలుగు, ఇంగ్లిషు వచ్చిన ఒకరు, ఇంగ్లిషు, ఇండోనేషియా వచ్చిన మరొకరు ఉంటే సరిపోదు. వంద పని మాటలను వీడియోతో సహా ముందే రెండు భాషల్లో కూర్చుకోవాలి.

విమానాశ్రయంలో ఆగిపోయేవి మరికొన్ని. ప్రదర్శనకు తీసుకెళ్లే మగ్గం, పాత చీరలు ఏటీఏ కార్నెట్ పత్రం మీద సుంకం లేకుండా వెళ్లి రావచ్చు. మన దేశంలో దాన్ని వాణిజ్య, పరిశ్రమల సంఘాల సమాఖ్య ఫిక్కీ ఇస్తుంది, ఏడాదిలోగా వస్తువులు తిరిగి రావాలి. అక్కడ వాడేసే నూలు, రంగులకు అది వర్తించదు. వేళ్లు, బెరడు మొక్కల క్వారంటైన్ పరిధిలోకి వస్తాయి, ధ్రువపత్రం లేకపోతే అక్కడే పారేస్తారు. నేతన్నలతో పాటు పాలమూరు కిన్నెర వాయిద్యకారులను పంపితే ఇంకో చిక్కు ఉంది. పాతకాలపు కిన్నెరకు అలుగు (చీమలు తినే అడవి జంతువు) పొలుసులు, నెమలి ఈకలు వాడతారు. అలుగు పొలుసులు దాటించడం నేరం, నెమలి ఈకల ఎగుమతి మన చట్టంలో నిషేధం. కాబట్టి అవి లేకుండా వెదురు, సొరకాయ బుర్రలతో చేసిన వాద్యమే వెంట తీసుకెళ్లాలి.

హక్కుల మాట మొదటే తేల్చుకోవాలి. మన భౌగోళిక గుర్తింపు మన దేశంలోనే చెల్లుతుంది, ఇండోనేషియాలో విడిగా నమోదు చేయించాలి. గెరింగ్‌సింగ్ వాళ్లకు పూజలకు, కర్మకాండకు కట్టుకునే గుడ్డ. దాని బొమ్మలను దించి పోచంపల్లి దుకాణంలో దుప్పట్లుగా అమ్మితే ఆ పొత్తు అక్కడితో సరి. ఏ బొమ్మ వాడుకోవచ్చో, ఏది ముట్టకూడదో తెంగనాన్ పెద్దలే చెప్పాలి. తేలియా బొమ్మలపై పుట్టపాకకూ అదే హక్కు ఉండాలి.

మన ఫణిగిరి బౌద్ధ శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్ మ్యూజియానికి, ఆ తర్వాత సియోల్‌కు వెళ్లాయి. రాతికి చూపిన శ్రద్ధలో కొంతైనా చేతిపనికీ చూపమని రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాం. 1950లో ఏర్పడిన భారత సాంస్కృతిక సంబంధాల మండలికి బాలిలోనే కేంద్రం ఉంది. చేనేత శాఖ దానికి రాయవలసిన మొదటి ఉత్తరంలో యాత్ర ప్రస్తావన అక్కర్లేదు. పుట్టపాకలో నూనె పెట్టిన కిలో నూలు అక్కడికి, తెంగనాన్‌లో నానిన కిలో నూలు ఇక్కడికి పంపుకోవడం గురించి రాస్తే చాలు. మన నూలును వాళ్లు తొగరు వేళ్ల రంగులో ముంచాలి, వాళ్ల నూలును మనం అలిజరిన్‌లో ముంచాలి. ఆ రెండు ఎరుపులను పక్కపక్కన పెట్టి చూశాకే ఎవరు ఎక్కడికి వెళ్లాలో, ఎన్నాళ్లు ఉండాలో తేల్చుకోవాలి.