బొడ్డుతాడు రక్తానికి వాయిదాలు కట్టే బదులు మూలకణాల దాతల పట్టికలో చేరండి

ఏడో నెల చెకప్‌కి వెళ్లిన గర్భిణి చేతిలో స్కానింగ్ రిపోర్టుతో పాటు ఓ రంగుల బ్రోచర్ కూడా పడుతోంది. బిడ్డ బొడ్డుతాడు రక్తం దాచుకుంటే రేపు ఏ జబ్బొచ్చినా అదే కాపాడుతుందట, డబ్బు వాయిదాల్లో కట్టొచ్చట. ఇది భయాన్ని అమ్ముకునే వ్యాపారం.

తల్లిదండ్రుల నుంచి వచ్చే రక్తజబ్బు తలసీమియానే తీసుకోండి. లోపం జన్యువులోనే ఉంది కాబట్టి ఆ బిడ్డ బొడ్డుతాడు రక్తంలోని మూలకణాల్లోనూ, అంటే కొత్త రక్తకణాలను తయారుచేసే కణాల్లోనూ, అదే లోపం ఉంటుంది. వాటినే తిరిగి ఎక్కిస్తే ఏం ఒరుగుతుంది? సొంత అవసరానికని ఇలా దాచుకోవడాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కూడా సిఫారసు చేయడం లేదు. ఇంట్లో ఇప్పటికే ఒక బిడ్డకు అలాంటి జబ్బుంటే తర్వాతి బిడ్డది దాచడంలో అర్థముంది, కాదనను. కానీ బ్రోచర్లు పంచుతున్నది ఆ కొద్దిమందికే కాదు కదా.

తలసీమియా ఉన్న పిల్లాడికి కావాల్సింది హెచ్‌ఎల్‌ఏ, అంటే కణాల మీది గుర్తింపు గుర్తులు, కలిసిన మరొకరి మూలకణాలు. తోబుట్టువుతో పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతే. ఒక్కరే సంతానమైతే అదీ లేదు. పూర్తి మ్యాచ్‌కి ఇక దిక్కు బయటి దాతే. హెచ్‌ఎల్‌ఏ వంశాన్ని బట్టి వస్తుంది కాబట్టి మన పిల్లలకు మ్యాచ్ మనవాళ్లలో దొరికే అవకాశమే ఎక్కువ. 1991లో జర్మనీలో మొదలైన డీకేఎంఎస్ అనే దాతల పట్టికలో ఇవాళ కోటి మందికి పైగా దాతలున్నారు. చెన్నైలో 2009 నుంచి దాత్రి అనే అలాంటి పట్టికే పనిచేస్తున్నా, 140 కోట్ల దేశంలో దాతల సంఖ్య ఇంకా లక్షల్లోనే ఉంది.

చేరడానికి చేయాల్సిందల్లా బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్దించుకోవడమే. మ్యాచ్ వస్తే చాలావరకు ఐదు రోజులు ఇంజెక్షన్లు ఇస్తారు, కాస్త ఒళ్లునొప్పులు ఉంటాయి. ఆ తర్వాత ఒక చేతి నుంచి రక్తం తీసి, మెషీన్‌లో మూలకణాలు వేరుచేసి, మిగతాది రెండో చేతికి ఎక్కిస్తారు. నాలుగైదు గంటల పని. అయినా మ్యాచ్ వచ్చిందని ఫోన్ రాగానే ఇంట్లోవాళ్లు వద్దంటారు, కుర్రాడు వెనక్కి తగ్గుతాడు. అప్పటికే కీమోతో రోగి ఎముక మజ్జను ఖాళీ చేసి ఉంటే అది ప్రాణం మీదికి వస్తుంది.

మనం ఆరోగ్యాన్ని ఇంటింటి సరుకుగా మార్చేశాం. ఊరి చెరువు పూడ్చి ఎవరి బోరు వాళ్లు వేసుకున్నట్టుంది. దాతల పట్టిక అందరిదీ, అందుకే దాన్ని నింపే పని ప్రభుత్వాలదే. రెండు రాష్ట్రాల్లోనూ ప్రతి డిగ్రీ కాలేజీలో ఎన్‌ఎస్‌ఎస్ రక్తదాన శిబిరం పక్కనే దూదిపుల్లల టేబుల్ వేయాలి. హెచ్‌ఎల్‌ఏ పరీక్ష (టైపింగ్) ఖర్చు ఖజానా భరించాలి. ప్రభుత్వాసుపత్రుల ఆవరణలో ఆ బ్రోచర్లను నిషేధించాలి.