6 గ్రాముల గంజాయి, నాలుగు పెగ్గులు: చట్టానికి రెండూ ఒకటేనా?

2025 ఏప్రిల్ 28న కొచ్చిలో మలయాళ ర్యాపర్ వేడన్ ఫ్లాట్‌లో పోలీసులకు దొరికిన గంజాయి 6 గ్రాములు. మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం కిలో వరకూ స్వల్ప పరిమాణమే. అందుకే బెయిల్ వెంటనే వచ్చింది. ఇంతలో మెడలో వేసుకున్నది చిరుతపులి పన్ను అంటూ అటవీ శాఖ ఆయన్ను పట్టుకెళ్లింది. టీవీలకు పండగే పండగ. ఆయనపై తర్వాత వచ్చిన ఫిర్యాదులు వేరే సంగతి, తీవ్రమైనవి, కోర్టులే తేల్చాలి. నా ప్రశ్న ఆ 6 గ్రాముల గురించే.

దానివల్ల దెబ్బ తగిలింది ఎవరికి? అదే గాయకుడు పబ్‌లో ప్రోగ్రాం ముగించి, నాలుగు పెగ్గులేసి, అర్ధరాత్రి కారు తీస్తే ఫుట్‌పాత్ మీద పడుకున్నవాడి ప్రాణం పోవచ్చు. చట్టానికి ఈ తేడా కనబడలేదు. ఎన్‌డీపీఎస్ సెక్షన్ 27 కింద గంజాయి తాగినవాడికి 6 నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 185 కింద మొదటిసారి మద్యం తాగి నడిపి దొరికినవాడికి పడేదీ దాదాపు అదే. స్వల్ప పరిమాణంలో గంజాయి దగ్గర ఉంచుకుంటే మాత్రం ఏడాది వరకు! ఇంట్లో కూర్చున్నవాడు స్టీరింగ్ పట్టుకున్నవాడికంటే ప్రమాదకరమా?

సంగీతకారులకు ప్రత్యేక హక్కులు లేవు, అక్కర్లేదు కూడా. అందరికీ ఉన్నవి దక్కితే చాలు. మత్తుమందుల కేసులో ఒళ్లు సోదా చేసేముందు, గెజిటెడ్ అధికారి లేదా మేజిస్ట్రేటు ఎదుట చేయమని అడిగే హక్కు ఉందని పోలీసులు చెప్పి తీరాలి. 1999లో బల్దేవ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిన మాటిది. ఈ రక్షణ ఒంటికే, గిటార్ సంచికి వర్తించదు. అధికారుల దగ్గర ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ తీర్పు చెప్పింది. డ్రంక్ అండ్ డ్రైవ్‌లో అరెస్టు చేస్తే 2 గంటల్లో వైద్య పరీక్ష చేయించాలి, లేదంటే వదిలేయాలి. రాత్రుళ్లు ప్రోగ్రాములు చేసుకు బతికే డ్రమ్మర్లకు, డీజేలకు ఇవి ఎవరు చెబుతారు? 2021లో హైదరాబాద్ పోలీసులు బైకులు ఆపి, కుర్రాళ్ల ఫోన్లు తీసుకుని, చాటింగ్‌లో గంజాయి అన్న మాట కోసం వెతికిన వీడియోలు మనమంతా చూశాం.

అభిమానులు చెడిపోతారని, ఆంధ్రా ఒడిశా సరిహద్దు నుంచి దిగే సరుకుకు గిరాకీ ఇలాంటివాళ్ల వల్లేనని కొందరంటారు. గిరాకీ మాట నిజమే. వ్యసనపరుడు తానుగా చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ లేకుండా వదిలేయడానికి ఎన్‌డీపీఎస్ చట్టంలోనే సెక్షన్ 64ఏ ఉంది. దాన్ని ఎందుకు వాడరు?

ఎందుకంటే మన ప్రభుత్వాలకు మత్తుతో పేచీ లేదు. మద్యం వ్యాపారం చేసే కేరళలోని బెవ్‌కో, తెలంగాణలోని బెవరేజెస్ కార్పొరేషన్ సర్కారువే. ఆంధ్రలో 2019 నుంచి 2024 దాకా దుకాణాల్లో సీసా చేతికిచ్చింది కూడా సర్కారు మనుషులే. బార్ ముందు వరసగా కార్లు నిలుపుకోనిస్తారు, కాస్త అవతల బ్రీత్ ఎనలైజర్‌తో కాపు కాస్తారు. ఖజానాకు రాబడి తెచ్చే మత్తుకు లైసెన్సు ఇచ్చి, తేనిదాన్ని పాపం చేసి, ఆ పాపాన్ని ఒక దళిత గాయకుడి మెడకు చుట్టి కెమెరాల ముందు నిలబెట్టారు.

సెక్షన్ 27 నుంచి గంజాయిని తీసేయాలి. స్వల్ప పరిమాణం దొరికితే కోర్టుకు బదులు చికిత్సకు పంపాలి. తాగి బండి నడిపితే మాత్రం, స్టేజీ మీద ఎంత పేరున్నవాడైనా, మొదటిసారే లైసెన్సు రద్దు చేయాలి.