సవరణ: డ్రూపల్ 7 నుంచి 10కి మారడం

‘డ్రూపల్ 7 సైటును నేరుగా 10కి తీసుకెళ్లొచ్చు’ అని మొన్న రాసిన మాటకు ఈ వివరణ. (డ్రూపల్ అంటే వెబ్‌సైట్లు కట్టి నడిపే సాఫ్ట్‌వేర్; 7, 10 దాని వెర్షన్లు.) మధ్యలో 8, 9 అక్కర్లేదు, అది నిజమే. కానీ పాత సైటు మీదే అప్‌డేట్ నడిపితే కుదరదు. 10ని విడిగా ఇన్‌స్టాల్ చేసి, మైగ్రేట్ మాడ్యూల్‌తో పాత డేటాబేస్ నుంచి కంటెంటు తెచ్చుకోవాలి. వ్యాసాలు, యూజర్లు, ట్యాగులు వస్తాయి. వ్యూస్ (కంటెంటును జాబితాలుగా చూపే డ్రూపల్ ఏర్పాటు) మాత్రం వాటంతట అవి రావు, మళ్లీ కట్టుకోవాల్సిందే. సైటు రూపం, అంటే థీమూ అంతే.

తిరుపతిలో లాడ్జీల సైట్లు చూసే తమ్ముళ్లూ, గదుల జాబితా పేజీ వ్యూస్‌తో చేసిందేమో ముందు చూసుకోండి. మైగ్రేట్ చేసేటప్పుడు పాత సైటు ఫైళ్ల ఫోల్డర్ దారి తప్పుగా ఇస్తే పేజీ వస్తుంది, గది ఫొటో ఉండదు. 7కి సెక్యూరిటీ సపోర్టు 2025 జనవరి 5తోనే ఆగిపోయింది, దయచేసి వాయిదా వేయకండి.