‘జాగ్రత్తగా చేస్తే వస్తుంది’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘జాగ్రత్తగా చేస్తే వస్తుంది’ గారి దివ్య సముఖానికి,

నిన్న మధ్యాహ్నం కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌లో, లవణంలో నైట్రేట్ ఉంటే రావాల్సిన గోధుమరంగు వలయం నా పరీక్షనాళికలో ఏర్పడలేదు. ఎందుకని అడిగాను. జవాబుగా లెక్చరర్ గారు మిమ్మల్ని పంపారు. సీనియర్లూ మిమ్మల్నే పంపారు. రాత్రి వాట్సాప్ గ్రూపులో అడిగితే మళ్లీ మీరే వచ్చారు, వెంట ఒక దండం బొమ్మతో సహా.

అయ్యా, ఇంకెంత జాగ్రత్త? నాళికను వంచాను. గాఢ సల్ఫ్యూరికామ్లాన్ని గోడ వెంట చుక్కచుక్కగా జార్చాను. కుదిపితే వేడెక్కి రంగు పోతుందని ఊపిరి కూడా బిగబట్టాను. పోనీ లవణంలో నైట్రేట్ లేదా అంటే, రాగి ముక్కలు, ఆమ్లం వేసి వేడి చేస్తే ఎర్రటి పొగలు బ్రహ్మాండంగా వచ్చాయి.

తమరు ఒక్కసారైనా, వలయం కోసం కలిపే ఆ ఫెర్రస్ సల్ఫేట్ సీసా వైపు చూశారా? లేత ఆకుపచ్చగా ఉండాల్సిన ద్రావణం డికాక్షన్ రంగుకు తిరిగింది. గాలి తగిలి అందులోని ఫెర్రస్ ఇనుము కాస్తా ఫెర్రిక్ అయిపోయింది. నైట్రేట్‌ను నైట్రిక్ ఆక్సైడ్‌గా మార్చేదీ, దానితో కలిసి ఆ రంగు ఇచ్చేదీ ఫెర్రసే. అది లేనప్పుడు నేను తపస్సు చేసినా వలయం రాదు. ‘చిటికెడు స్ఫటికాలు ఇప్పుడే కరిగించుకో, రెండు చుక్కలు సజల సల్ఫ్యూరికామ్లం వెయ్యి.’ చెప్పాల్సింది ఇంతే!

ఆక్సాలిక్ ఆమ్లాన్ని 60-70 డిగ్రీలకు వేడి చేయకుండానే అందులో పర్మాంగనేట్ పోసినవాడు దాని రంగు పోవడం లేదని అడిగితే అక్కడా మీరే. ఇంట్లో మైలుతుత్తం ద్రావణాన్ని గబగబా చల్లార్చి, పెద్ద స్ఫటికానికి బదులు రవ్వ వచ్చిందని మా తమ్ముడు వాపోతే అక్కడా మీరే. ఆమ్లాన్నే నీళ్లలో పోయాలి, నీళ్లను ఆమ్లంలో పోయకూడదని అరవాల్సిన చోట మాత్రం మీ జాడ ఉండదు.

ఇక గారూ లేదు, తమరూ లేదు. ‘నాకు తెలియదు’ అనడానికి నోరు రానివాళ్లందరికీ నువ్వే దిక్కు. తప్పు నా చేతిదని తేల్చేసి ఆ సీసాను మళ్లీ అలమారలో పెట్టేశారు. రేపు ఇంకో బ్యాచ్ వస్తుంది, వాళ్లకూ వలయం రాదు, వాళ్లూ అడుగుతారు. వెళ్లు, వాళ్లనూ చూసిరా.

ఇట్లు,
మూడో బల్ల విద్యార్థి

తా.క.: రికార్డులో ‘వలయం ఏర్పడినది, నైట్రేట్ నిర్ధారణ అయినది’ అని రాసేయమన్నారు. అది కూడా జాగ్రత్తగా, కొట్టివేతలు లేకుండా.