అప్‌గ్రేడ్‌లో డిస్క్ ఎర్రర్ వచ్చిందా? ఆ వాట్సాప్ సలహా పాటించకండి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14న ముగిసింది. పాత ల్యాప్‌టాప్‌లను 11కి మార్చుకుంటున్నవాళ్ల మధ్య ఒక సలహా గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది ఇదీ: "విండోస్ 11 హార్డ్‌డిస్కుల్ని పాడుచేస్తోంది. అప్‌గ్రేడ్ మధ్యలో డిస్క్ ఎర్రర్ వస్తే ముందు చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ కొట్టండి. అయినా పోకపోతే డిస్క్‌పార్ట్‌లో క్లీన్ కొట్టి జీపీటీకి మార్చండి. ఫార్మాట్ చేస్తే బ్యాడ్ సెక్టార్లన్నీ పోతాయి. డీ డ్రైవ్‌లో డేటాకి ఏమీ కాదు."

చెక్‌డిస్క్ అంటే డిస్క్‌లో తప్పులు వెతికి సరిచేసే విండోస్ కమాండ్. డిస్క్‌పార్ట్ అంటే డిస్క్‌ని పార్టిషన్లుగా, అంటే భాగాలుగా విడగొట్టే టూల్. జీపీటీ అంటే ఆ భాగాల పట్టికని రాసుకునే కొత్త పద్ధతి. సెక్టార్ అంటే డిస్క్‌లో డేటా ఉండే చిన్న గడి. ఆ సలహాలో చాలా మాటలకి ఎక్కడో ఒక నిజం ఆధారంగా ఉంది. అందుకే జనం నమ్ముతున్నారు. కానీ ఈ వరుసలో చేసుకుంటూ పోతే, బయటికి తీయగలిగిన డేటా కూడా చేజారిపోతుంది. పిల్లల చిన్నప్పటి ఫోటోలు, పెళ్లి వీడియోలు, ఇంటి కాగితాల స్కాన్‌లు అన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో దాచుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

విండోస్ 11 డిస్కుల్ని పాడుచేస్తోందన్న మాట 2025 ఆగస్టులో బాగా పాకింది. ఆ నెల వచ్చిన కేబీ5063878 అప్‌డేట్ తర్వాత పెద్ద ఫైళ్లు కాపీ చేస్తుంటే ఎస్ఎస్‌డీలు (హార్డ్‌డిస్క్ బదులు వాడే చిప్ డిస్కులు) విండోస్‌కి కనిపించకుండా మాయమవుతున్నాయని కొందరు వీడియోలు పెట్టారు. ఎస్ఎస్‌డీలను నడిపించే కంట్రోలర్ చిప్‌లు తయారుచేసే ఫైసన్ కంపెనీ 4,500 గంటలకు పైగా పరీక్షలు చేసినా ఆ సమస్య మళ్లీ రాలేదని ప్రకటించింది. తమ అప్‌డేట్‌కీ ఆ ఫెయిల్యూర్లకీ సంబంధం కనిపించలేదని మైక్రోసాఫ్ట్ కూడా చెప్పింది. మైక్రోసాఫ్ట్ తప్పే చేయదని నేను అనను. 2018 అక్టోబర్‌లో విండోస్ 10 1809 వెర్షన్ కొందరి ఫైళ్లను తుడిచేస్తే, దాన్ని ఆపేసి నవంబర్‌లో మళ్లీ విడుదల చేయాల్సి వచ్చింది. అయితే అక్కడ పోయినవి ఫైళ్లు, డిస్కులు కావు.

మరి అప్‌గ్రేడ్ రోజే డిస్క్ ఎందుకు మొరాయిస్తుంది? మామూలు రోజుల్లో మనం వాడేది డిస్క్‌లో కొద్ది భాగమే. అప్‌గ్రేడ్ మాత్రం కొన్ని జీబీల కొత్త ఫైళ్లు రాస్తుంది, పాత సిస్టమ్ మొత్తాన్ని విండోస్.ఓల్డ్ ఫోల్డర్‌లోకి జరుపుతుంది, ఏళ్లుగా ఎవరూ తాకని చోట్లను చదువుతుంది. ఒక సెక్టార్ పాడైందని డిస్క్‌కి సాధారణంగా అక్కడ చదవబోయినప్పుడే తెలుస్తుంది. అంటే లోపం ముందే ఉంది, ఆ రోజు బయటపడింది.

ఇక "డిస్క్ ఎర్రర్" అనేది ఒక్క జబ్బు కాదు. 80070070 ఉన్న కోడ్ వస్తే డిస్క్‌లో చోటు చాలలేదని అర్థం. సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్‌ని అప్‌డేట్ చేయలేకపోయామని వస్తే, చాలాసార్లు బూట్ ఫైళ్లుండే ఆ చిన్న పార్టిషన్ నిండిపోయి ఉంటుంది. సీ1900101తో మొదలయ్యే కోడ్‌లు ఎక్కువగా డ్రైవర్ గొడవలు. వీటిలో దేనికీ చెక్‌డిస్క్ మందు కాదు. కాబట్టి ముందు విండోస్‌లోనే ఉండే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, సిస్టమ్ లాగ్‌లో "డిస్క్" పేరుతో వచ్చిన ఎర్రర్లు చూడండి. నంబర్ 7 ఉంటే బ్యాడ్ బ్లాక్. తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత టూల్‌తో స్మార్ట్ వివరాలు, అంటే డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు చూడండి. హార్డ్‌డిస్క్ అయితే 05 (స్పేర్‌తో మార్చిన సెక్టార్లు), సీ5 (అనుమానంలో ఉన్నవి), సీ6 (చదవలేనివి) అనే మూడు వరుసల్లో రా వాల్యూ దగ్గర సున్నా కాకుండా ఏదైనా ఉంటే జాగ్రత్తపడాలి, రోజురోజుకీ పెరుగుతుంటే ఆ డిస్క్‌ని ఇక నమ్మకూడదు. డేటా దారిలో వచ్చే తప్పుల్ని లెక్కపెట్టే సీ7 ఒక్కటే పెరుగుతుంటే తప్పు చాలావరకు కేబుల్‌ది.

ఈ సలహాలో నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది "ముందు చెక్‌డిస్క్ స్లాష్ ఆర్" అన్న మాట. ఆ కమాండ్ డిస్క్ మొత్తాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చదువుతుంది. 1 టీబీ హార్డ్‌డిస్క్ మీద గంటల తరబడి నడుస్తుంది. డేటా చదివే హెడ్ దెబ్బతిన్న డిస్క్‌కి ఆ శ్రమే ఆఖరిది కావచ్చు. పైగా అది చదివి ఊరుకోదు, రాస్తుంది కూడా. ఫైల్‌లో చదవలేని ముక్క ఉంటే ఆ చోటుని చెడ్డదిగా గుర్తు పెట్టి పక్కన పెడుతుంది. ఫైల్ పేరు అలాగే కనిపిస్తుంది, లోపల ఆ ముక్క ఉండదు. చెక్‌డిస్క్ బాగుచేసేది ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే ఫైల్ సిస్టమ్ లెక్కల్ని, మీ ఫోటోల్ని కాదు. అది నడపాల్సిన సమయం డేటా బయటికి తీశాకే. అంతకుముందు స్లాష్ ఆర్ లాంటి ఏ స్విచ్చూ లేకుండా చెక్‌డిస్క్ అని మాత్రమే కొడితే, ఏమీ మార్చకుండా రిపోర్ట్ ఇస్తుంది.

డేటా తీయడానికీ ఒక వరుస ఉంది. పోతే మళ్లీ దొరకనివి ముందు, ఫోల్డర్ తర్వాత ఫోల్డర్‌గా కాపీ చేయండి. సినిమాలు, సాఫ్ట్‌వేర్లు చివరికి. కాపీ ఒకేచోట ఆగిపోతుంటే అక్కడితో ఆపండి. లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి డీడీరెస్క్యూ అనే కాపీ టూల్ నడిపితే, సులువుగా చదవగలిగే భాగాలు ముందు తీసి, మొండి భాగాల దగ్గరికి తర్వాత వస్తుంది. డిస్క్ టక్‌టక్‌మంటుంటే మాత్రం ఇవేవీ వద్దు, పవర్ ఆపి రికవరీ నిపుణులకు ఇవ్వండి.

"క్లీన్ కొట్టి జీపీటీకి మార్చండి" అనడం అనవసరమైన విధ్వంసం. క్లీన్ కమాండ్ ఆ డిస్క్ మీదున్న పార్టిషన్ల పట్టికనే తీసేస్తుంది, అన్ని డ్రైవ్‌లూ ఒక్కసారే పోతాయి. డేటా చెరపకుండా పాత ఎంబీఆర్ పట్టికని జీపీటీకి మార్చే ఎంబీఆర్‌టూజీపీటీ అనే టూల్ 2017 నుంచి విండోస్‌లోనే ఉంది. ముందు వ్యాలిడేట్ ఆప్షన్‌తో పరీక్షించి, కుదురుతుందంటేనే కన్వర్ట్ ఇవ్వాలి. ప్రైమరీ పార్టిషన్లు మూడుకి మించి ఉన్నా, లాజికల్ పార్టిషన్లు (ఒక పార్టిషన్ లోపల మళ్లీ విడగొట్టినవి) ఉన్నా అది ఒప్పుకోదు. షాపులో సీ, డీ, ఈ, ఎఫ్ అని విడగొట్టి ఇచ్చిన పాత మెషీన్లు చాలావరకు ఇక్కడే ఆగుతాయి. డిస్క్‌కి విండోస్ వేసే తాళం బిట్‌లాకర్ ఉంటే ముందు సస్పెండ్ చేసి, 48 అంకెల రికవరీ కీ కాగితం మీద రాసుకోండి. మార్చాక బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరుచుకునే సెట్టింగుల్లో) బూట్ మోడ్‌ని యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతికి మార్చడం మరవకండి.

ఫార్మాట్‌తో బ్యాడ్ సెక్టార్లు పోతాయన్నది చూడ్డానికి నిజంలాగే ఉంటుంది. క్విక్ ఫార్మాట్ వాటి జోలికే పోదు. ఫుల్ ఫార్మాట్ డిస్క్ అంతా సున్నాలు రాస్తుంది కాబట్టి, పాడైన సెక్టార్ల బదులు డిస్క్ తన దగ్గరున్న స్పేర్ సెక్టార్లను వాడుకుంటుంది. సీ5లో అంకె తగ్గి 05లో పెరుగుతుంది. గాయం మానలేదు, లెక్క వేరే వరుసలోకి మారింది. ఆ డిస్క్ మీద మళ్లీ విండోస్ ఎక్కించి అమ్మా నాన్నల ఫోటోలు పెట్టడం దయచేసి వద్దు.

చివరిది, డీ డ్రైవ్ క్షేమం అనే నమ్మకం. మన దగ్గర ఇది ఎంతగా పాతుకుపోయిందంటే, బ్యాకప్ ఉందా అని అడిగితే "డీలో వేశానండీ" అంటారు. విండోస్ మళ్లీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సీని మాత్రమే తుడిస్తే డీ మిగులుతుంది, ఆ మేరకు నిజమే. డిస్కే పోతే రెండూ కలిసి పోతాయి. డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడండి. సీ, డీ రెండూ "డిస్క్ 0" అన్న ఒకే వరుసలో ఉంటే అవి ఒకే డిస్క్‌లోని రెండు భాగాలు. బ్యాకప్ వేరే ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో తీసుకుని, నాలుగైదు ఫైళ్లు ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూసి, ఆ డిస్క్‌ని పీకి పక్కన పెట్టాకే అప్‌గ్రేడ్ బటన్ నొక్కండి.